దీపం వెలుగుతుంది, ముందు చక్రాలు లాగవు: పాత ఫోర్డ్ బండ్లలో ఆటోమేటిక్ లాకింగ్ హబ్‌ల లోపాలు

పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే నెడతాయి. ముందు చక్రాలు నేల మీద దొర్లుతూ ఉంటాయి తప్ప వాటికి ఇంజను బలం అందదు. ఆ చక్రాలు ఇరుసుకు ఎప్పుడూ బిగిసే ఉంటే వాటితోపాటు ముందు ఇరుసు, దాని మధ్యలో బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్), దానికి బలం తెచ్చే పొడవాటి కడ్డీ (ప్రొపెల్లర్ షాఫ్ట్) అన్నీ పని లేకుండానే తిరుగుతూ అరుగుతాయి, ఇంధనాన్నీ తింటాయి. అవసరం లేనప్పుడు చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసి, అవసరమైనప్పుడు తిరిగి కలపడానికి చక్రం మధ్యలో అమర్చిన భాగమే లాకింగ్ హబ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు అమెరికాలో పౌరుల చేతికి వచ్చినప్పుడు, వాటిని రోడ్డు మీద నడపడానికి అనువుగా మార్చే పనిని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్థర్ వార్న్ 1948లో వ్యాపారంగా మొదలుపెట్టాడు. ఆ వ్యాపారానికి పేరు తెచ్చింది ఈ హబ్‌లే.

తొలినాటి హబ్‌లను చేత్తో తిప్పి బిగించాలి. బురదలోనో మంచులోనో బండి కూరుకుపోయాక డ్రైవరు దిగి, రెండు ముందు చక్రాల దగ్గరికీ వెళ్లి, మీట తిప్పి వచ్చి కూర్చోవాలి. ఆ శ్రమ తప్పించడానికి 1980లలో అమెరికా చిన్న ట్రక్కులలో ఆటోమేటిక్ హబ్‌లు విస్తృతంగా వచ్చాయి. కెంటకీలోని లూయీవిల్‌లో తయారైన ఫోర్డ్ బ్రోంకో-2, అదే కుటుంబానికి చెందిన రేంజర్, 1991 మోడల్‌గా బ్రోంకో-2 స్థానంలోకి వచ్చిన ఎక్స్‌ప్లోరర్ వీటిలో ముఖ్యమైనవి. 1983 నుంచి 1997 వరకు వచ్చిన ఫోర్‌వీల్ డ్రైవ్ రేంజర్లలోనూ, 1984 నుంచి 1990 వరకు వచ్చిన బ్రోంకో-2 లోనూ, 1994 వరకు వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌లోనూ ముందు ఇరుసు రెండు విడి దూలాలుగా కదిలే ట్విన్ ట్రాక్షన్ బీమ్ పద్ధతిది. ఈ బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి యజమానుల నుంచి తరచు వినిపించే ఫిర్యాదు ఒకటే: డాష్‌బోర్డు మీద 4×4 దీపం వెలుగుతుంది, ముందు చక్రాలు మాత్రం లాగవు.

ఈ ఫిర్యాదు వినగానే చాలా వర్క్‌షాపులలో హబ్‌లు మార్చేస్తారు. కొత్త జత బిగించాక కొన్నాళ్లు పని చేస్తుంది, తర్వాత మళ్లీ అదే కథ. ఇలా జరగడానికి కారణం హబ్ స్వభావంలోనే ఉంది. ఆటోమేటిక్ హబ్ తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. ఇరుసు తన మీదికి తెచ్చే మెలితిప్పుకు, తన వెనక ఉన్న, చక్రం బేరింగులను మోసే తిరగని గొట్టం (స్పిండిల్) ఇచ్చే నిలకడకు మధ్య ఉన్న తేడాకు మాత్రమే అది స్పందిస్తుంది. ఆ రెండింటిలో ఏది తప్పినా హబ్ తప్పు చేసినట్టే కనబడుతుంది. అందుకే లోపాన్ని వెతకడం హబ్ దగ్గర మొదలు కాకూడదు, హబ్ దగ్గర ముగియాలి.

దీపం సంగతి ముందుగా తేల్చుకోవాలి. ఈ బండ్లలో 4×4 దీపం చెప్పేది, ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఏ స్థితిలో ఉందో అంతే. హబ్‌లో ఎలాంటి తీగా లేదు, ఎలాంటి స్విచ్చూ లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ 4హెచ్‌లోకి (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే స్థితిలోకి) మారి దీపం వెలిగినా, రెండు హబ్‌లు విడిపోయే ఉండవచ్చు. దీపం వెలిగింది కనుక వ్యవస్థ అంతా బాగుందని అనుకోవడానికీ, దీపం వెలిగినా లాగలేదు కనుక హబ్‌లే పాడయ్యాయని తేల్చేయడానికీ ఇందులో ఆధారం లేదు.

లోపలి పనితీరు తెలిస్తే లక్షణాలు వాటంతట అవే అర్థమవుతాయి. ఈ ఫోర్డ్ బండ్ల హబ్ వెనక, చక్రం బేరింగును బిగించే నట్టు మీద, ప్లాస్టిక్‌తో చేసిన కామ్ జత (వాలు అంచులున్న రెండు రింగులు) ఉంటుంది. అందులో ఒక కామ్‌కు ఉన్న చిన్న ముక్కు స్పిండిల్ మీది గాడిలో కూర్చుంటుంది. స్పిండిల్ తిరగదు కనుక ఆ కామ్ కూడా తిరగదు. రెండోది కదిలే కామ్. హబ్‌కు ఉన్న మూడు కాళ్లు దాని మూడు గూళ్లలో కూర్చుంటాయి. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే, తిరగని కామ్ వాలు మీదికి కదిలే కామ్ ఎక్కుతుంది. ఆ ఎక్కడంలో అది బయటికి జరిగి, స్ప్రింగు బలానికి ఎదురుగా హబ్‌లోని జారుడు గేరును నెడుతుంది. ఆ గేరు పళ్లు హబ్ గోడ మీది పళ్లలోకి దూరితే చక్రమూ ఇరుసూ ఒక్కటవుతాయి. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను 2హెచ్‌లోకి (వెనక చక్రాలకే బలం వెళ్లే స్థితిలోకి) మార్చి బండిని వెనక్కి నడిపితే కామ్ వాలు దిగుతుంది, స్ప్రింగు గేరును వెనక్కి లాక్కుంటుంది, చక్రం విడిపోతుంది. యజమాని పుస్తకాలు కనీసం 10 అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు, తిన్నగా వెనక్కి నడపమని చెప్పడానికి కారణం ఇదే.

నిలకడగా ఆనుకునే ఆధారం లేకపోతే ఈ ఏర్పాటు మొత్తం వృథా. ప్లాస్టిక్ ముక్కు విరిగితే తిరగని కామ్ కూడా ఇరుసుతోపాటు తిరుగుతుంది, అప్పుడు ఎక్కడానికి వాలే ఉండదు. ఇతర తయారీదారుల హబ్‌లలో ఈ నిలకడను ఇంకో రకంగా తెచ్చారు. జనరల్ మోటార్స్ పెద్ద ట్రక్కులలో వాడిన హబ్‌లలో స్పిండిల్ వైపున్న డ్రాగ్ స్లీవ్‌ను ఒక బ్రేక్ బ్యాండు పట్టుకుని ఉంటుంది. జపాన్ బండ్లలో కనిపించే కొన్ని హబ్‌లలో చిన్న బ్రేక్ ముక్కలు, ఒక రిటర్న్ స్ప్రింగు, ఒక షిఫ్ట్ స్ప్రింగు కలిసి ఈ పని చేస్తాయి. రూపాలు వేరైనా సూత్రం ఒకటే: రాపిడి మరీ తక్కువైతే హబ్ బిగుసుకోదు, మరీ ఎక్కువైతే వదలదు. పాత హబ్‌ల జబ్బులలో అధిక భాగం ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి.

రెండు హబ్‌లలో ఒకటి మాత్రమే బిగుసుకోకపోయినా ముందు చక్రాలు రెండూ పనికిరాకుండా పోతాయన్నది చాలామంది గమనించని విషయం. ముందు ఇరుసులో ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. దానికి వచ్చిన బలం ఏ వైపు అడ్డు తక్కువగా ఉంటే ఆ వైపుకే జారిపోతుంది. కుడి హబ్ బిగుసుకుని ఎడమ హబ్ విడిగా ఉంటే, ఎడమ ఇరుసు ఏ బరువూ లేకుండా గిర్రున తిరుగుతుంది, కుడి చక్రానికి దాదాపు ఏమీ అందదు. కాబట్టి ముందు చక్రాలు లాగడం లేదన్న ఒక్క ఫిర్యాదుతో రెండు హబ్‌లూ చెడ్డాయని అనుకోవడానికి వీల్లేదు. బాగున్న హబ్‌ను కూడా పారేసే ఖర్చు ఇక్కడే మొదలవుతుంది.

దీనికి వ్యతిరేకమైన సందర్భం ఇంకా మోసపూరితంగా ఉంటుంది. ఒక హబ్ బిగుసుకునే ఉండిపోయి, బండి 2హెచ్‌లో రోడ్డు మీద వెళుతోందనుకుంటే, బిగుసుకున్న వైపు చక్రం తన ఇరుసును తిప్పుతుంది. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ బరువుగా ఉండి కదలకపోతే, డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు ఆ తిరుగుడును రెండో ఇరుసుకు తలకిందులుగా అందిస్తాయి. అంటే ఆ రెండో వైపు చక్రం ముందుకు వెళుతుంటే అదే వైపు ఇరుసు వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగే ఇరుసు బాగున్న హబ్ కామ్‌ను వాలు ఎక్కించే ప్రయత్నం చేస్తుంది. ఎదురుగా తిరుగుతున్న పళ్లలోకి గేరు దూరలేక టకటకమని కొట్టుకోవచ్చు. శబ్దం వస్తున్న వైపు హబ్‌ను మారిస్తే అది ఆగదు, ఎందుకంటే జబ్బు అవతలి వైపు ఉంది. శబ్దాన్ని బట్టి వైపును నిర్ణయించడం ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

గడ్డకట్టే చలి ఉండే మిన్నెసోటా, మిషిగన్ వంటి రాష్ట్రాలలో ఇంకో గందరగోళం ఉంటుంది. చలికి ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి నూనె చిక్కబడి, 2హెచ్‌లో ఉన్నా ముందు షాఫ్ట్‌ను కొద్దికొద్దిగా వెంట లాక్కుపోతుంది. ఆ చిన్న కదలిక చాలు, కామ్ వాలు ఎక్కడం మొదలుపెడుతుంది. ఉదయం మొదటి మైలులో ముందు నుంచి పళ్లు కొరికినట్టు శబ్దం వచ్చి, బండి వేడెక్కాక మాయమైతే హబ్ విప్పే ముందు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఉన్నది తయారీదారు చెప్పిన నూనేనా అని చూడడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

పరీక్ష ఎప్పుడూ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకు సాగాలి. చదునైన నేల మీద బండిని ఆపి, వెనక చక్రాల ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు. ముందు చక్రాలు మాత్రమే గాలిలో ఉండగా ఇంజను నడిపి గేరు వేయడం ఇంకా పెద్ద పొరపాటు. వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి కనుక బండి స్టాండ్ల మీది నుంచి దూకేస్తుంది. ఈ పరీక్షలన్నీ ఇంజను ఆపి, చేత్తో చేయదగినవే.

ట్రాన్స్‌ఫర్ కేస్‌ను 2హెచ్‌లో ఉంచి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే తేలికగా తిరగాలి. తర్వాత 4హెచ్‌లోకి మార్చి, గేరు బాక్సును గేరులో గాని పార్క్‌లో గాని ఉంచి అదే షాఫ్ట్‌ను తిప్పి చూడాలి. గేర్ల మధ్య సహజంగా ఉండే కొద్దిపాటి ప్లే (వదులు) తప్ప అది కదలకూడదు. 4హెచ్‌లో కూడా షాఫ్ట్ హాయిగా తిరిగితే లోపం ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనో, దాన్ని మార్చే మోటారులోనో ఉంది. హబ్‌లను ముట్టుకోవలసిన పని లేదు. బటన్ నొక్కితే మారే టచ్ డ్రైవ్ పద్ధతి ఉన్న బండ్లలో ఈ మోటారు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక బయటికే ఉంటుంది. రోడ్ల మీద మంచు కరిగించడానికి చల్లే ఉప్పు దాని కనెక్టర్లను తినేస్తుంది. బటన్ నొక్కినప్పుడు కింద మోటారు తిరిగిన చప్పుడు వినిపించకపోతే ముందుగా ఫ్యూజులు, కనెక్టర్లు, ఎర్త్ తీగ చూడాలి.

ట్రాన్స్‌ఫర్ కేస్ బాగుందని తేలాక హబ్‌ల వంతు. ఇక్కడ ఆటోమేటిక్ హబ్‌కూ చేతి హబ్‌కూ పరీక్షలో తేడా ఉంది. చేతి హబ్ బిగించి చక్రాన్ని తిప్పితే ఇరుసు తిరగాలి. ఆటోమేటిక్ హబ్‌లో చక్రాన్ని ఎంత తిప్పినా ఇరుసు కదలకపోవచ్చు, అది లోపం కాదు, ఎందుకంటే ఆ హబ్ స్పందించేది చక్రం తిరిగినందుకు కాదు, ఇరుసు తిరిగినందుకు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేస్‌ను 2హెచ్‌కు తెచ్చి, ఒకరు చక్రాన్ని కదలకుండా పట్టుకోగా ఇంకొకరు చక్రం వెనక బయటికి కనిపించే ఇరుసు కీలును, అంటే యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాస్‌ను, చేత్తో తిప్పాలి. బాగున్న హబ్ ఒక చుట్టు తిరగకముందే టక్కున పట్టుకుంటుంది, అక్కడినుంచి ఇరుసుతోపాటు చక్రం తిరగడానికి చూస్తుంది. క్రాస్‌ను వెనక్కి తిప్పితే ముందు వదులవుతుంది, ఇంకాస్త తిప్పితే అవతలి దిశలో మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టూ విడుపూ రెండు వైపులా, రెండు దిశలలోనూ ఒకే తీరుగా ఉండాలి.

కుడి ఎడమల పోలిక ఇక్కడ అన్నిటికన్నా విలువైన కొలమానం. ఒక వైపు పట్టుకుని రెండో వైపు ఇరుసు ఎంత తిప్పినా ఖాళీగా తిరుగుతూ ఉంటే ఆ వైపు కామ్ నిలకడ పోయింది లేదా గేరు ఇరుక్కుపోయింది. ఒక వైపు పట్టుకోవడానికి ఎక్కువ దూరం తీసుకుంటే గ్రీజు చిక్కబడి ఉండవచ్చు. పట్టుకోబోయి జారి, మళ్లీ పట్టుకోబోయి జారుతుంటే గేరు పళ్ల మొనలు గుండ్రంగా అరిగాయని అర్థం. ఇరుసు అసలు తిరగకుండా బిగదీసుకుంటే స్పిండిల్ లోపల ఇరుసును మోసే నీడిల్ బేరింగు నీరు తాగి తుప్పు పట్టిందేమో చూడాలి. ఈ చివరి లోపానికి ఎన్ని హబ్‌లు మార్చినా ప్రయోజనం ఉండదు.

హబ్ వదలడం లేదన్న ఫిర్యాదుకు ఇంకో పరీక్ష ఉంది. బండిని 2హెచ్‌కు మార్చి, చెప్పిన దూరం తిన్నగా వెనక్కి నడిపి, ఆపి, ముందు చక్రాలను ఒక్కొక్కటిగా లేపి తిప్పాలి. చక్రంతోపాటు దాని క్రాస్ కూడా గట్టిగా తిరుగుతుంటే ఆ హబ్ ఇంకా పట్టుకునే ఉంది. ఇది తేలగానే హబ్‌ను నిందించే ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ నిజంగా 2హెచ్‌లోకి వచ్చిందా అని చూడాలి. ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిరిగితే ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరగాలని చూస్తాయి, మధ్యలో డిఫరెన్షియల్ లేనందున ఆ తేడా అంతా షాఫ్ట్‌లలో మెలిగా పేరుకుంటుంది. ఆ మెలి ఉన్నంతసేపు ట్రాన్స్‌ఫర్ కేస్ గేరు కదలనే కదలదు. షాఫ్ట్ మీద బలం ఉన్నంతవరకు హబ్ వాలు దిగదు, దిగకూడదు కూడా. అక్కడ హబ్ తన పని సరిగ్గానే చేస్తోంది. ముందు, వెనక టైర్ల సైజు ఒకటి కాకపోయినా, ఒక జత బాగా అరిగి రెండోది కొత్తదైనా, ఇదే మెలి తిన్నని రోడ్డు మీద కూడా పేరుకుంటుంది.

లోపం ఒక హబ్‌దేనని తేలిన తర్వాతే విప్పాలి. ఈ పని కష్టం కాదు గాని ఓపికతో చేయవలసినది. చక్రం తీశాక బోల్టుల మీద హబ్‌ను పట్టుకుని ఉన్న పలుచని రిటైనర్ వాషర్లను తీస్తే హబ్ చేతికి వస్తుంది. తర్వాత ఇరుసు చివరి స్నాప్ రింగును, వెనక ఉన్న స్పేసర్లను తీయాలి. అటుపైన కామ్ జతను నట్టు మీది నుంచి తిన్నగా బయటికి లాగాలి. స్క్రూడ్రైవరు దూర్చి పైకి లేపితే ప్లాస్టిక్ పగులుతుంది. చాలా కామ్‌లు నడకలో కాక మరమ్మతులో విరిగేది ఇక్కడే. కామ్ వెనక ఒక వాషరు, ఒక పలుచని నీడిల్ థ్రస్ట్ బేరింగు ఉంటాయి. నట్టును కదలకుండా ఆపే చిన్న తాళపు ముక్క స్పిండిల్ గాడిలో ఉంటుంది. దాన్ని అయస్కాంతంతో తీయాలి, శ్రావణంతో పీకకూడదు. ఆ ముక్క తీయకుండా నట్టును తిప్పితే స్పిండిల్ మరలు చెడతాయి. అప్పుడు ఖర్చు హబ్ స్థాయిని దాటి ఇరుసు స్థాయికి వెళుతుంది.

విప్పిన తర్వాత కంటికి కనిపించేవి చాలా విషయాలు చెబుతాయి. గ్రీజు పాల రంగులోకి మారి ఉంటే నీరు చేరింది, మూత మీది రబ్బరు రింగు పనిచేయడం లేదు. బురద కనిపిస్తే వెనక సీలు పోయింది. ప్లాస్టిక్ ముక్కు ఒక వైపు నలిగి ఉంటే చక్రం బేరింగు వదులైందని అనుమానించాలి, ఎందుకంటే బేరింగు వదులైతే నట్టు, దాని మీద కూర్చున్న కామ్, అన్నీ ప్రతి గుంతలోనూ ఊగుతాయి. ఆ ఊపును భరించేది అంత చిన్న ప్లాస్టిక్ ముక్కే. కొత్త హబ్ బిగించాక కొన్ని నెలలకే చెడిపోయిందన్న ఫిర్యాదుల వెనక సరిగా బిగించని బేరింగు ఉండే అవకాశం ఎక్కువ. హబ్‌ను మార్చి బేరింగును అలాగే వదిలేయడం రోగాన్ని వదిలి మందు సీసా మార్చినట్టే.

గ్రీజు విషయంలో తప్పులు సద్బుద్ధితోనే జరుగుతాయి. చక్రం బేరింగులో గ్రీజు నిండుగా కూరడం అలవాటైన చేతులు హబ్‌ను కూడా అలాగే నింపుతాయి. హబ్ లోపల గేరు జారాలి, స్ప్రింగు ఆడాలి, కామ్ చిన్న బలానికే కదలాలి. గ్రీజు నిండితే వెచ్చటి రోజున నెమ్మదిగా పనిచేసే హబ్, చలిరోజున అసలు పనిచేయదు. కదిలే తలాల మీద పలుచని పూత చాలు. మిగతాది శుభ్రంగా తుడిచేయాలి. కడగడానికి వాడిన ద్రావకం పూర్తిగా ఆరకుండా కొత్త గ్రీజు పూస్తే అది కరిగి, బయటికి కారి, బ్రేకుల దాకా వెళుతుంది. ఏ ద్రావకం ప్లాస్టిక్‌ను తినదో దాన్నే వాడాలి. విరగని, అరగని హబ్‌లలో చెప్పుకోదగ్గ భాగం ఈ శుభ్రతతోనే మళ్లీ పనిలోకి వస్తుంది. కాబట్టి కొత్త జతకు డబ్బు పెట్టే ముందు ఒక పూట శ్రమ పెట్టడం న్యాయం.

బిగించేటప్పుడు అసలు కీలకం బేరింగు నట్టు. ఆ కాలపు ఆటోమేటిక్ హబ్ బండ్లకు చెప్పిన పద్ధతి ఇలా ఉంటుంది: చక్రపు బ్రేక్ రోటరును తిప్పుతూ నట్టును 35 అడుగు-పౌండ్ల టార్క్‌కు, అంటే సుమారు 47 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఇది బేరింగులు తమ స్థానంలో కూర్చోవడానికి. తర్వాత పావు చుట్టు వదులు చేసి, మళ్లీ 16 అంగుళం-పౌండ్లకు, అంటే రెండు న్యూటన్ మీటర్ల లోపుకు, బిగించాలి. ఆ చివరి బిగింపు వేళ్లతో తిప్పినంత తేలికైనది. మొదటి సంఖ్య అడుగులలో, రెండోది అంగుళాలలో ఉందని గమనించకుండా పెద్ద పానాతో బిగిస్తే బేరింగు కాలిపోతుంది. నట్టు మీది గాడి స్పిండిల్ గాడికి ఎదురుగా వచ్చేదాకా మరికొంచెం తిప్పి, తాళపు ముక్కను పెట్టాలి. ఆ గాడులు సరిగ్గా ఎదురెదురుగా లేకపోతే తాళపు ముక్క గాని, కామ్ ముక్కు గాని మొదటి రోజే నలిగిపోతుంది. బండి తయారైన సంవత్సరాన్ని బట్టి, డానా (ఇరుసుల తయారీ సంస్థ) 28 ఇరుసా, 1990 నుంచి వచ్చిన డానా 35 ఇరుసా అన్నదాన్ని బట్టి మరమ్మతు పుస్తకం చూసుకుని ఈ కొలతలను సరిపోల్చుకోవడం మంచిది.

హబ్‌ను తిరిగి పెట్టేటప్పుడు దాని మూడు కాళ్లు కామ్‌లోని మూడు గూళ్లలో పడాలి. పడితే హబ్ చేతి ఒత్తిడికే లోపలికి కూర్చుంటుంది. కూర్చోకపోతే సుత్తితో కొట్టకూడదు. చక్రం నట్లు బిగిస్తే అదే సర్దుకుంటుందని వదిలేయకూడదు. అలా బిగించిన చక్రం నట్ల బలమంతా ప్లాస్టిక్ కామ్ మీదే పడుతుంది. బిగింపు ముగిశాక నేలకు దించకముందే పైన చెప్పిన క్రాస్ తిప్పే పరీక్షను రెండు వైపులా మళ్లీ చేయాలి.

వాక్యూమ్‌తో పనిచేసే హబ్‌లను ఈ పద్ధతిలో చూడడం కుదరదు. 1998 నుంచి 2000 మోడల్ మధ్య వరకు రేంజర్లలో ఫోర్డ్ వాడిన పల్స్ వాక్యూమ్ హబ్‌లు ఇరుసు మెలితిప్పుకు కాక ఇంజను నుంచి వచ్చే వాక్యూమ్ తరంగానికి స్పందిస్తాయి. వాటి జబ్బులన్నీ సీళ్లు, గొట్టాలు, సొలినాయిడ్ల (కరెంటుతో పనిచేసే కవాటాల) చుట్టూ తిరుగుతాయి. మనదేశంలో 2023లో అమ్మకానికి వచ్చిన సుజుకీ జిమ్నీ కూడా వాక్యూమ్ హబ్‌ల కుటుంబానిదే. తెలుగు రాష్ట్రాలలో ఆ బండి నడిపేవారికి ఉపయోగపడే సంగతి ఒకటుంది: అలాంటి హబ్ పట్టుకోకపోతే ముందుగా చేతి వాక్యూమ్ పంపుతో గొట్టాన్ని పీల్చి, ఒత్తిడి నిలుస్తుందా లేదా చూడాలి. నిలిస్తే ముందుగా గొట్టానికి పైన వెతకాలి, నిలవకపోతే లోపం గొట్టంలోనో హబ్ సీలు దగ్గరో ఉంది. యంత్రాంగం వేరైనా గొలుసును మొదటి నుంచి చివరికి పరీక్షించాలన్న క్రమం ఇక్కడా మారదు.

పాత ఆటోమేటిక్ హబ్‌లను తీసేసి చేతి హబ్‌లు పెట్టించడం మంచిదా అన్న ప్రశ్నకు జవాబు బండి వాడుకను బట్టి ఉంటుంది. ఏడాదికి నాలుగైదు రోజులు మంచులో నడిచే బండికి శుభ్రం చేసిన ఆటోమేటిక్ హబ్‌లు చాలు. కొండ దారులలో, బురదలో, ఇసుకలో తరచుగా పనిచేసే బండికి చేతి హబ్‌లే సరైనవి. కూరుకుపోయిన బండిని ముందుకూ వెనక్కూ ఊపి బయటికి తెచ్చేటప్పుడు దిశ మారిన ప్రతిసారీ ఆటోమేటిక్ హబ్ కామ్ ఒక వాలు దిగి ఎదుటి వాలు ఎక్కాలి. ఆ మధ్యలో గేరు పళ్లు సగమే కలిసి ఉన్న క్షణంలో ఇంజను బలమంతా పడితే పళ్లు చిట్లుతాయి. ఆటోమేటిక్ హబ్ విరిగేది చాలాసార్లు అది అత్యవసరమైన ఇలాంటి చోటనే. ఈ బలహీనత డిజైన్‌లోనే ఉంది, ఎంత మంచి మరమ్మతు చేసినా పోదు. అలాంటి వాడుక ఉన్నవారికి మళ్లీ మళ్లీ ఆటోమేటిక్ జతలు కొనమని చెప్పడం సరికాదు.

మార్పు చేసేటప్పుడు హబ్ జత ఒక్కటే కొనడం సాధారణంగా జరిగే తప్పు. ఆటోమేటిక్ హబ్ బండిలో బేరింగును పట్టుకునేది ఒకే నట్టు, ఒక తాళపు ముక్క. చేతి హబ్ పద్ధతిలో లోపలి నట్టు, మధ్యలో లాక్ వాషరు, బయటి లాక్ నట్టు ఉంటాయి. అందుకోసం విడిగా స్పిండిల్ నట్ల సెట్టు కొనాలి. ఇక్కడ లోపలి నట్టును పైన చెప్పినంత తేలికగానే ఉంచి, బయటి లాక్ నట్టును మాత్రం 150 అడుగు-పౌండ్లకు, అంటే సుమారు 203 న్యూటన్ మీటర్లకు బిగించాలి. లాక్ నట్టు బిగించాక చక్రాన్ని పై అంచు, కింది అంచు పట్టుకుని ఊపి చూస్తే ప్లే ఉండకూడదు, తిప్పితే పట్టేయకూడదు. పాత ప్లాస్టిక్ కామ్‌ను, దాని థ్రస్ట్ బేరింగును పూర్తిగా తీసేయాలి. వాటిని లోపల వదిలేస్తే కొత్త హబ్ సరిగా కూర్చోదు.

చేతి హబ్‌లు పెట్టాక టచ్ డ్రైవ్ బటన్ యథాప్రకారం పనిచేస్తుంది, దీపమూ వెలుగుతుంది, కానీ హబ్‌లను ముందుగా చేత్తో బిగించకపోతే ముందు షాఫ్ట్ ఖాళీగా తిరుగుతుంది తప్ప చక్రాలకు ఏమీ అందదు. మొదటి మంచు కురిసే ముందు రెండు హబ్‌లను బిగించి, శీతాకాలం పొడవునా అలాగే ఉంచుకుని, అవసరమైనప్పుడు బటన్‌తోనే 2హెచ్, 4హెచ్ మధ్య మారడం ఆ ప్రాంతాలలో సౌకర్యమైన పద్ధతి. హబ్‌లు బిగించి 2హెచ్‌లో నడిపితే ముందు ఇరుసు తిరగడం వల్ల కొంత ఇంధనం ఖర్చవుతుంది, కొద్దిగా అరుగుదలా ఉంటుంది గాని ఏ భాగమూ దెబ్బతినదు, పైగా ముందు డిఫరెన్షియల్ గేర్లకూ క్రాస్‌లకూ నూనె, గ్రీజు పారుతూ ఉంటాయి. ఒక హబ్ బిగించి రెండోది మరిచిపోతే మాత్రం ముందు వివరించిన ఓపెన్ డిఫరెన్షియల్ చిక్కే మళ్లీ ఎదురవుతుంది, కాబట్టి మీటలు రెండూ ఒకే గుర్తు మీద ఉన్నాయో లేదో రెండు వైపులకూ నడిచి వెళ్లి చూసుకోవాలి.